చైనీస్‌లో 'ల', 'గువొ', 'జ', 'జాయ్' ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: తెలుగువాళ్ళకి సమగ్ర మార్గదర్శి

చైనీస్ నేర్చుకుంటున్న మనవాళ్ళు తిప్పి తిప్పి అడిగేది ఒకే ప్రశ్న. "క్రియ పక్కన 'ల' పెడితే భూతకాలం అయిపోతుంది కదా?" అవదు. అవుతుందనుకునే నేనూ మొదటి ఏడాదంతా తప్పులు మాట్లాడాను.

అప్పట్లో నేను అద్దెకున్న ఇంటి ఓనరావిడ ఒక సాయంత్రం గిన్నె నిండా వేడి వేడి జ్యావ్‌జ పట్టుకొచ్చింది. చూడ్డానికి కజ్జికాయల్లా ఉంటాయి, లోపల కూర పెట్టి ఉడికిస్తారు. "నీ చర్-ల మ?" అంది, తిన్నావా అని. తినలేదని చెప్పాలి. ఇంగ్లీష్‌లో 'నాట్' ఒకటే కదా అని, నాకు తెలిసిన 'బు' తగిలించి "బు చర్" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. గిన్నె వెనక్కి తీసుకెళ్ళిపోయింది. నేనన్నది "తినను" అని. అనాల్సింది "మేయ్ చర్", తినలేదు అని.

తెలుగులో మూడేళ్ళ పిల్లాడు కూడా తినను, తినలేదు అనే రెంటినీ కలపడు. ఇంగ్లీష్ పుస్తకంలోంచి ఆలోచించాను కాబట్టి నేను కలిపాను. కింద చెప్పబోయే పద్ధతంతా దానికి విరుగుడే: చైనీస్ గుర్తు పెట్టేముందు తెలుగు క్రియ చివర ఏముందో చూడటం. తెలుగు దారి తప్పించే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని దాచకుండా చెప్తాను.

1. మొదలుపెట్టే ముందు

చైనీస్ క్రియకి కాలం లేదు. నిన్న, ఇవాళ, రేపు లాంటి మాటలే కాలం చెప్తాయి. క్రియ దగ్గర చేరే చిన్న మాట చెప్పేది పని ఏ దశలో ఉందన్నది: అయిందా, నడుస్తోందా, అయ్యి అలాగే నిలిచి ఉందా, ఒకప్పుడెప్పుడో అయిందా. దీన్ని వ్యాకరణంలో యాస్పెక్ట్ అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు.

ఇక్కడ చైనీస్ మాటల్ని పిన్‌యిన్‌కి (చైనీస్‌ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి) దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. వాక్యాల్లో టోన్ (మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే, దిగే తీరు) అంకెలు వేస్తే చదవలేం కాబట్టి వదిలేశాను, అసలు పలుకుబడి ఆడియోలో వినండి. క్రియకి అంటుకునే గుర్తుకి ముందు చిన్న గీత పెట్టాను. గుర్తులు, వాటి టోన్లు, చైనీస్ లిపిలో రాయడానికి పట్టే గీతలు ఇవీ:

- ల: టోన్ లేదు, 2 గీతల అక్షరం
- గువొ: గుర్తుగా వాడినప్పుడు టోన్ తేలిపోతుంది, 6 గీతలు
- జ: టోన్ లేదు, 11 గీతలు, నాలుక కొన వెనక్కి మడవాలి
- జాయ్: 4వ టోన్, 6 గీతలు, జామపండులోని జ
- మేయ్: 2వ టోన్, 7 గీతలు
- బు: 4వ టోన్, 4 గీతలు

'ల', 'జ' అక్షరాలకి వేరే పలుకుబళ్ళు కూడా ఉన్నాయి. 'ల' అక్షరాన్నే కొన్నిచోట్ల 'ల్యావ్' అని, 'జ' అక్షరాన్నే కొన్నిచోట్ల 'జావ్' అని చదవాలి. అలా చదివిన చోట అవి మనం మాట్లాడుకునే గుర్తులు కావు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

☐ ఒక 300 మాటలు వచ్చి ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఇది ఇప్పుడే వద్దు.
☐ నిన్న (జువొత్యెన్), ఇవాళ (జిన్‌త్యెన్), రేపు (మింగ్‌త్యెన్) తడుముకోకుండా రావాలి.
☐ రెండు వరసల నోట్‌బుక్. ఎడమవైపు తెలుగు, కుడివైపు చైనీస్. ఇంగ్లీష్ వరస వద్దు.

2. మొదటి అడుగు: 'కాదు-లేదు' సంగతి తేల్చుకోండి

చాలా పుస్తకాలు 'ల'తో మొదలుపెడతాయి. నా సలహా మాత్రం వెనక నుంచి రమ్మని. ముందు లేదు అనడం వస్తే, ఆ తర్వాత 'ల' సగం దానంతటదే వస్తుంది.

డబ్బు లేదు: మేయ్‌యోవ్ ఛ్యెన్. తినలేదు: మేయ్ చర్. వస్తువు లేదనడానికీ, పని జరగలేదనడానికీ చైనీస్‌లో ఒకటే మాట, తెలుగులోనూ ఒకటే మాట. ఇంతకన్నా సుళువైన పోలిక దొరకదు.

ఇంకో విషయం గమనించండి. 'తిన్నాను'ని 'తినలేదు' చేసినప్పుడు ఆ భూతకాలపు 'న్న' ఎటు పోయింది? రాలిపోయింది. చైనీస్‌లోనూ అంతే. 'చర్-ల'కి వ్యతిరేకం 'మేయ్ చర్'. 'ల' రాలిపోతుంది. "మేయ్ చర్-ల" అనడం "తిన్నలేదు" అన్నట్టే ఉంటుంది.

- తినను, తినడు (ఇష్టం, అలవాటు, ముందు సంగతి): బు చర్
- తినలేదు: మేయ్ చర్
- ఇంకా తినలేదు: హాయ్ మేయ్ చర్ న
- ఇక తినను, చాలు: బు చర్ ల

తెలుగు మోసం చేసేది ఇక్కడే. మనం గుణానికీ స్థితికీ కూడా 'లేదు' వాడతాం. చైనీస్‌లో అక్కడ 'బు' రావాలి.

- బాగా లేదు: బు హావ్
- ఇష్టం లేదు: బు శీహువాన్
- నిన్న ఇంట్లో లేను: జువొత్యెన్ వొ బు జాయ్ జ్యా

'మేయ్' కావాలంటే ఒక వస్తువు లేకపోవాలి, లేదా ఒక పని జరగకుండా ఉండిపోవాలి. మనిషి ఎలా ఉన్నాడు, ఎక్కడ ఉన్నాడు అన్న సంగతైతే 'బు'.

ఒక రెండు రోజులు ఈ అడుగు మీదే ఉండండి. ఎవరేం అడిగినా మనసులో తినను, తినలేదు అని విడదీసి జవాబు చెప్పుకోండి.

3. క్రియని అంటుకున్న 'ల': పని ముగిసింది

క్రియ, 'ల', లెక్క, వస్తువు. ఈ వరసలో వస్తుంది.

వొ మాయ్-ల సాన్ బన్ షూ. మూడు పుస్తకాలు కొన్నాను.

లెక్క ఎందుకంటే, పని ఎక్కడ ఆగిందో అది చూపిస్తుంది. మూడు పుస్తకాలు, రెండు గంటలు, ఒకసారి: ఏదో ఒక గట్టు ఉండాలి. గట్టు లేకుండా "వొ చర్-ల ఫాన్" అని ఆపేస్తే వినేవాళ్ళకి "నేను అన్నం తిని..." అని మధ్యలో ఆగినట్టుంటుంది. తర్వాత ఏమైందోనని మీ మొహం చూస్తారు. తిన్నాను అని ఊరికే చెప్పాలంటే 'ల'ని చివరికి జరపండి: వొ చర్ ఫాన్ ల.

ఆ మధ్యలో ఆగినట్టుండే వాక్యమే ఇంకోచోట పనికొస్తుంది.

మింగ్‌త్యెన్ వొ చర్-ల ఫాన్ జ్యోవ్ ఛ్యూ. రేపు అన్నం తిన్నాక వెళ్తా.

చెప్పేది రేపటి సంగతి, అయినా 'ల' ఉంది. తెలుగు చూడండి, 'తిన్నాక'లోనూ 'తిన్న' ఉంది. రేపటి మాటలో 'తిన్న' ఎందుకొచ్చిందని మనకెప్పుడూ అనుమానం రాలేదు. ఒక పని పూర్తయ్యాక ఇంకోటి అని చెప్పడానికి అది కావాలి. 'ల'ని భూతకాలం అని ఎవరైనా అంటే ఈ వాక్యం చూపించండి.

రెండు క్రియలు వరసగా వస్తే 'ల' దేనికి?

వొ ఛ్యూ షాంగ్‌ద్యెన్ మాయ్-ల సాన్ బన్ షూ. కొట్టుకి వెళ్ళి మూడు పుస్తకాలు కొన్నాను.

తెలుగులో 'వెళ్ళి'కి కాలం లేదు, 'కొన్నాను'కి ఉంది. చైనీస్‌లోనూ 'ఛ్యూ' ఖాళీగా ఉంటుంది, 'మాయ్'కి 'ల' తగులుతుంది. వెళ్ళింది కొనడానికే అయితే 'ల' రెండోదానికి. మొదటి పని ముగిశాకే రెండోది మొదలవుతుందని చెప్పాలంటే ('తిన్నాక వెళ్తా' లాగా) మొదటిదానికి.

4. వాక్యం చివర 'ల': పరిస్థితి మారింది

రూపం అదే, పని వేరు. ఇది క్రియ గురించి కాదు, వాక్యం మొత్తం గురించి చెప్తుంది: ఇందాకటిలా లేదు, ఇప్పుడు ఇలా ఉంది.

- శ్యా యూ ల: వాన మొదలైంది
- త్యెన్ లంగ్ ల: చలి వచ్చేసింది
- మేయ్‌యోవ్ ఛ్యెన్: డబ్బు లేదు. మేయ్‌యోవ్ ఛ్యెన్ ల: డబ్బు అయిపోయింది
- యావ్ శ్యా యూ ల: వాన వచ్చేలా ఉంది

తెలుగులో 'అయిపోయింది', 'వచ్చేసింది', 'ఇక', 'చాలు' అనిపించిన చోట చివర 'ల' చాలావరకు కుదురుతుంది.

ఎవరైనా పిలిస్తే మనం ఇంకా మంచం మీంచి లేవకుండానే "వచ్చేశా, వచ్చేశా" అంటాం కదా. చైనాలోనూ అంతే: "లాయ్ ల, లాయ్ ల!" బయల్దేరుతూ "వెళ్తున్నా" అనాలంటే "వొ జోవ్ ల". ఇంగ్లీష్ మీదుగా వెళ్తే ఈ రెండూ అర్థం కావు. తెలుగులోంచి వెళ్తే వివరణే అక్కర్లేదు.

ఈ 'ల' ఎంత పని చేస్తుందో చూడాలంటే ఆసుపత్రి వార్డుకి వెళ్ళాలి. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకి ఇది రోజూ తగిలేదే. "హాయ్ తంగ్ మ?" (ఇంకా నొప్పిగా ఉందా?) అని అడిగితే రోగి మూడు రకాలుగా చెప్పొచ్చు.

- బు తంగ్: నొప్పి లేదు.
- బు తంగ్ ల: ఇప్పుడు తగ్గింది. ఇంతకు ముందు ఉండేదన్నమాట.
- మేయ్ తంగ్-గువొ: అసలెప్పుడూ నొప్పి రాలేదు.

మందు పనిచేసిందో లేదో రెండో జవాబులోనే తెలుస్తుంది. ఆ చివరి అక్షరం వినకపోతే కేస్ షీట్‌లో తప్పు రాస్తారు.

5. రెండు 'ల'లు ఒకేసారి

వొ శ్యువె-ల సాన్ న్యెన్ జుంగ్‌వన్. మూడేళ్ళు చైనీస్ నేర్చుకున్నాను.
వొ శ్యువె-ల సాన్ న్యెన్ జుంగ్‌వన్ ల. మూడేళ్ళ నుంచి చైనీస్ నేర్చుకుంటున్నాను.

చివర ఇంకో 'ల' చేరితే లెక్క ఇప్పటిదాకా వచ్చిందని, ఇంకా సాగొచ్చని. పరీక్ష ఒకటే: తెలుగులో 'నుంచి' వస్తే రెండు 'ల'లు, రాకపోతే ఒకటి. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడగాలన్నా, నొప్పి ఎన్ని రోజుల నుంచి అని అడగాలన్నా ఇదే వరస. నొప్పికైతే: తంగ్-ల జీ త్యెన్ ల?

జరగని పనికి 'నుంచి' వస్తే లెక్క ముందుకొస్తుంది: వొ సాన్ త్యెన్ మేయ్ చర్ ఫాన్ ల. మూడు రోజుల నుంచి అన్నం తినలేదు. 'మేయ్' ఉన్నా 'ల' నిలబడే చోటు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే ప్రస్తుతానికి చాలు. మారింది ఇక్కడ రోజుల లెక్క, తినడం కాదు.

6. 'గువొ': ఎప్పుడైనా, ఎప్పుడూ

తా ఛ్యూ-ల జుంగ్‌గువొ. చైనా వెళ్ళాడు. ఇక్కడ లేడు.
తా ఛ్యూ-గువొ జుంగ్‌గువొ. చైనా వెళ్ళొచ్చాడు. ఇప్పుడు అక్కడ లేడు.

'గువొ' అంటే అనుభవంలో ఉంది, కానీ ఆ పని ఇప్పుడు నడవట్లేదు. వాక్యంలో 'ఎప్పుడైనా', 'ఎప్పుడూ', 'ఇదివరకు' పెట్టి చూడండి, కుదిరితే 'గువొ'. వ్యతిరేకంలో 'ల'లాగా ఇది రాలిపోదు: మేయ్ ఛ్యూ-గువొ, ఎప్పుడూ వెళ్ళలేదు.

ఎముక సంగతి తీసుకోండి. తువేయ్ దువాన్ ల: కాలు విరిగింది, ఇప్పుడు కట్టు కట్టాలి. తువేయ్ దువాన్-గువొ: ఎప్పుడో విరిగింది, అతుక్కుంది. పాత జబ్బుల గురించి అడిగే ప్రశ్నలన్నీ 'గువొ'వే. నీ జువొ-గువొ షోవ్‌షూ మ? ఇదివరకు ఆపరేషన్ ఏమైనా అయిందా?

తిరిగిరాని వాటికి 'గువొ' పెట్టకండి. ఫలానాయన చనిపోయాడని 'గువొ'తో చెప్తే లేచొచ్చాడేమో అనుకుంటారు. అలాగే "నీ జ్యె హున్ ల మ?" అంటే పెళ్ళయిందా అని. "నీ జ్యె-గువొ హున్ మ?" అంటే ఇదివరకు ఒక పెళ్ళి అయి పోయిందా అని ఆరా తీసినట్టుంటుంది. పరిచయమైన మొదటి రోజు అడిగే ప్రశ్న కాదది.

భోజనం విషయంలో మాత్రం "చర్-గువొ ల" అంటే మామూలుగా "తినేశాను" అనే. ఇది వింటారు కాబట్టి చెప్తున్నా, మొదట్లో మీరు వాడక్కర్లేదు.

7. 'జాయ్', 'జ': చేస్తున్నాడా, చేసి ఉన్నాడా

ఇంగ్లీష్ మీదుగా నేర్చుకునేవాళ్ళు నెలల తరబడి తికమకపడేది ఇక్కడే. తెలుగువాడికి ఇది పుట్టుకతో వచ్చింది.

తా జాయ్ చువాన్ యీఫు. బట్టలు వేసుకుంటున్నాడు.
తా చువాన్-జ హుంగ్ యీఫు. ఎర్ర బట్టలు వేసుకుని ఉన్నాడు.

'-తున్నాడు' అయితే 'జాయ్', క్రియకి ముందు. '-ఇ ఉన్నాడు, -ని ఉన్నాడు' అయితే 'జ', క్రియ వెనక.

- మన్ కాయ్-జ: తలుపు తెరిచి ఉంది
- ఛ్యాంగ్ షాంగ్ గువా-జ యీ జాంగ్ హువా: గోడకి ఒక బొమ్మ తగిలించి ఉంది
- జాన్-జ చర్: నిలబడి తినడం
- శ్యావ్-జ షువొ: నవ్వుతూ చెప్పడం

చివరి రెంటిలో 'ఉన్నాడు' లేదు, అయినా 'జ' వచ్చింది. ఒక స్థితిలో ఉండి ఇంకో పని చేస్తే, ఆ స్థితి చెప్పే మొదటి క్రియకి 'జ' తగులుతుంది.

'జాయ్'ని ఇంకొంచెం గట్టిగా, సరిగ్గా ఇప్పుడే అని చెప్పాలంటే 'జంగ్‌జాయ్'. మాట్లాడేటప్పుడు చివర 'న' కూడా తగిలిస్తారు: తా జాయ్ చర్ ఫాన్ న.

ఇక తెలుగు ముంచే చోట్లు. మన '-తున్నా' చాలా పనులు చేస్తుంది. 'జాయ్' ఒక్కటే పని చేస్తుంది: ఈ క్షణంలో, లేదా ఈ మధ్య నడుస్తున్న పని.

- "రేపు వెళ్తున్నా": ఇది ముందు సంగతి. వొ మింగ్‌త్యెన్ ఛ్యూ. 'జాయ్' వద్దు.
- "వస్తున్నా!": లాయ్ ల. 'జాయ్ లాయ్' కాదు.
- "హైదరాబాద్‌లో ఉంటున్నా": ఉండటం స్థితి. 'జూ జాయ్' తర్వాత ఊరి పేరు చెప్తే సరి. ఇక్కడి 'జాయ్' చోటు చెప్పేది.
- "నాకు తెలుస్తోంది, నచ్చుతోంది": జర్‌దావ్, శీహువాన్‌లకి 'జాయ్' తగలదు.

చోటు చెప్పే 'జాయ్', పని చెప్పే 'జాయ్' రెండూ ఒకే వాక్యంలో వస్తే ఒకటే పలకాలి. తా జాయ్ తూషూగువాన్ కాన్ షూ: లైబ్రరీలో చదువుతున్నాడు. 'జాయ్ జాయ్' అని రాసినవాళ్ళని చూశాను, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

8. 'ల' కొట్టేయాల్సిన చోట్లు

మన నోటికి 'న్నాను' తగలగానే చేయి 'ల' మీదికి పోతుంది. రాసింది ఇచ్చేముందు ఈ జాబితాతో సరిచూసుకోండి.

☐ '-ఏవాణ్ణి, -ఏదాన్ని, -ఏవాళ్ళం' అని తెలుగులో వస్తే 'ల' వద్దు. చిన్నప్పుడు రోజూ ఈత కొట్టేవాణ్ణి: వొ శ్యావ్ షర్‌హోవ్ త్యెన్‌త్యెన్ యోవ్‌యుంగ్. పాత అలవాటుకి గట్టు లేదు, కాబట్టి 'ల' లేదు.

☐ 'ఉన్నాను, ఉంది' అనే వర్ణన అయితే వద్దు. నిన్న చాలా బిజీగా ఉన్నాను: జువొత్యెన్ వొ హన్ మాంగ్. 'మాంగ్ ల' అంటే బిజీ అయిపోయాను అని మార్పు వచ్చేస్తుంది.

☐ 'అని చెప్పాడు' అయితే 'షువొ' దగ్గర వద్దు. రానని చెప్పాడు: తా షువొ తా బు లాయ్.

☐ 'అనుకున్నాను, వెళ్ళాలనిపించింది' (శ్యాంగ్, యావ్) తర్వాత ఇంకో క్రియ ఉంటే వాటికి అంటించకూడదు.

☐ 'మేయ్' ఉంటే క్రియకి 'ల' వద్దు.

9. ముక్కలయ్యే క్రియలు

షువేయ్‌జ్యావ్ (నిద్రపోవడం), జ్యెన్‌మ్యెన్ (కలుసుకోవడం), జ్యెహున్ (పెళ్ళి చేసుకోవడం) చూడ్డానికి ఒక్క మాటలా ఉంటాయి. నిజానికి క్రియ, వస్తువు కలిపి కుట్టినవి. గుర్తు కుట్టు మధ్యలోకి దూరుతుంది.

- షువేయ్-ల బా గ శ్యావ్‌షర్ జ్యావ్: 8 గంటలు నిద్రపోయాను
- జ్యెన్-గువొ మ్యెన్: ఇదివరకు కలిశాం

కొత్త మాట రాసుకునేటప్పుడే కుట్టు దగ్గర ఒక నిలువు గీత పెట్టుకోండి. తర్వాత వెతుక్కునే పని ఉండదు.

10. వెతికాను, దొరికింది

'ల' పని ఆగిందనే చెప్తుంది, ఫలితం దక్కిందని చెప్పదు. "జావ్-ల" అంటే వెతికాను. "జావ్‌దావ్-ల" అంటే దొరికింది. "మేయ్ జావ్‌దావ్", వెతికినా దొరకలేదు. "కాన్-ల" అంటే చదివాను, కొంతో అంతో. "కాన్‌వాన్-ల" అంటే చదివేశాను. మన '-ఏశాను' వినబడితే చైనీస్‌లో 'వాన్' కోసం చూడండి. విన్నాక అర్థమైందా అనడానికి 'తింగ్‌దుంగ్'. పోగొట్టుకున్న తాళం చెవి గురించి ఎవరైనా "జావ్-ల" అన్నంత మాత్రాన సంబరపడకండి.

11. 'వచ్చింది ఎప్పుడు?' అనే ప్రశ్నకి 'ల' పనికిరాదు

మనిషి వచ్చాడని ఇద్దరికీ తెలుసు. అడిగేది ఎప్పుడు, ఎలా, ఎవరితో అని. అప్పుడు 'షర్ ... ద' రావాలి.

నీ షర్ షన్‌మ షర్‌హోవ్ లాయ్ ద? నువ్వు వచ్చింది ఎప్పుడు?
వొ షర్ జువొ హువొచ లాయ్ ద. నేను వచ్చింది రైల్లో.

'వచ్చాను'ని 'వచ్చింది' అని మార్చి వాక్యం తిప్పి చెప్పగలిగితే 'ద' వాడండి. ఈ ఒక్క కిటుకుతో నా తప్పులు సగానికి సగం తగ్గాయి.

12. ఒకే ప్రశ్నకి ఏడు జవాబులు

చైనా నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ళకి ఈ భాగం డబ్బుతో ముడిపడింది. వీచాట్‌లో (చైనావాళ్ళ మెసేజింగ్ యాప్) "హువొ ఫా ల మ?" (సరుకు పంపారా?) అని అడిగారు. వచ్చే జవాబులు ఇలా ఉంటాయి.

- ఫా ల: పంపేశాం
- హాయ్ మేయ్ ఫా: ఇంకా పంపలేదు
- జంగ్‌జాయ్ ఫా: ఇప్పుడే పంపుతున్నాం
- క్వాయ్ యావ్ ఫా ల: పంపబోతున్నాం
- యీఛ్యెన్ ఫా-గువొ: ఇదివరకు పంపాం
- ఫావాన్ ల: మొత్తం పంపేశాం
- బు ఫా ల: ఇక పంపం

రెండోది, ఏడోది చూడండి. రెంటిలోనూ సరుకు కదల్లేదు. రెండోదైతే ఓపిక పట్టాలి, ఏడోదైతే కట్టిన అడ్వాన్సు వెనక్కి అడగాలి. 'బు'తో పాటు చివర 'ల' ఉంటే అది మనసు మార్చుకున్న మాట. నాలుగోది, మొదటిది కూడా కలిసిపోతాయి, ఎందుకంటే రెంటిలోనూ 'ల' ఉంది. ముందు 'క్వాయ్', 'యావ్' ఉన్నాయేమో చూడకుండా "పంపేశారు" అని గోడౌన్ ఖాళీ చేయించకండి.

ఈ ఏడింటినీ ఇంకో క్రియతో (చర్, మాయ్, శ్యె) మీరే కట్టి చూడండి. పది నిమిషాల పని.

13. అభ్యాసం

తెలుగు వాక్యం చదివి, కింద చూడకుండా రాయండి.

1) రేపు క్లాసు అయ్యాక నీకు ఫోన్ చేస్తా.
2) కాలేజీ రోజుల్లో నేను రోజూ టీ తాగేవాణ్ణి.
3) ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు.
4) నేను ఎప్పుడూ టీ తాగలేదు.
5) రెండు గంటల నుంచి ఎదురు చూస్తున్నా.
6) ఇక ఎదురు చూడను, వెళ్తున్నా.

జవాబులు:

1) మింగ్‌త్యెన్ వొ శ్యా-ల క జ్యోవ్ గేయ్ నీ దా ద్యెన్‌హువా. ('అయ్యాక' ఉంది, 'ల' మొదటి క్రియకి)
2) షాంగ్ దాశ్యువె ద షర్‌హోవ్ వొ త్యెన్‌త్యెన్ హ చా. ('-ఏవాణ్ణి', కాబట్టి ఏమీ లేదు)
3) తా దాయ్-జ యెన్‌జింగ్. ('పెట్టుకుంటున్నాడు' అయితే 'జాయ్ దాయ్' అయ్యేది)
4) వొ మేయ్ హ-గువొ చా. ('గువొ' రాలిపోదు)
5) వొ దంగ్-ల ల్యాంగ్ గ శ్యావ్‌షర్ ల. ('నుంచి' ఉంది, రెండు 'ల'లు. 'చూస్తున్నా' చూసి 'జాయ్' పెడితే తప్పు)
6) వొ బు దంగ్ ల, జోవ్ ల.